తొమ్మిదో నంబరు రూములో కస్టమరు

పరుపుల ఖాదర్ వలికి మూడు ఊళ్లలో మూడు లాడ్జీలు ఉండేవి. సొంతం కావు. వాటిలోని పరుపులు కూడా సొంతం కావు. కుట్టింది మాత్రం ఆయనే. మదనపల్లెలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. ఏడాదికొకసారి దూదేకే విల్లు భుజాన వేసుకుని సొంతూరు రామసముద్రంలో బస్సెక్కేవాడు. లాడ్జీ మిద్దెమీద కూర్చుని, అణిగిపోయిన పరుపుల కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, పొంగించి, మళ్లీ కూరి, దబ్బనంతో కుట్టి ఇచ్చేవాడు. ఒక్కోచోట రెండు మూడు రోజుల పని. ఆ రెండు మూడు రోజులూ ఆయన పడుకునేది కూడా మిద్దెమీదే, చాపమీద.

ఈ చివరి సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో చెప్పింది వేరే. "ఆడికి పోతే నాకొక రూము ఇచ్చేస్తారు. ఫ్యాను గూడ ఉంటుంది" అని డెబ్బై అయిదులోనో ఆరులోనో ఒకసారి నోరు జారాడు. భార్య సుగ్రా నమ్మింది. నమ్మినాక వెనక్కి తీసుకోవడం ఎందుకని అలాగే ఉంచేశాడు.

సుగ్రా కూడా దూదేకేవాళ్ల ఇంటి బిడ్డే. పుట్టినింట్లో విల్లు మోత, మెట్టినింట్లో విల్లు మోత. పెళ్లయ్యాక ఆమె మొగుడితో కలిసి పొరుగూళ్లో ఒక రాత్రి ఉన్నది డెబ్బై నాలుగులో, ఒక ఉరుసుకు పోయినప్పుడు. సత్రంలో రెండు వందల మంది నడుమ, వీపులో ఎవరిదో మోకాలు, చెవిలో ఎవరి బిడ్డదో ఏడుపు. కంటిమీద కునుకు లేకుండానే తెల్లారింది. ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఇంగ నన్ను యాడికన్నా పిల్సుకోని పోతే తలుపుండే రూములో పండబెట్టు. సద్దు ఉండకూడదు. అట్ల ల్యాకపోతే పిల్సుకోనే పోవద్దు."

ఈ మాటల్లో ఆఖరుదాన్ని ఖాదర్ వలి తొమ్మిదేళ్లపాటు తప్పకుండా పాటించాడు.

ఎనభై మూడు ఫిబ్రవరిలో మదనపల్లెకు ఎగ్జిబిషన్ వచ్చింది. జెయింట్ వీల్, రంగులరాట్నం, చెక్కబావిలో గుండ్రంగా మోటార్ సైకిల్ తోలే మనిషి, పిల్లలను ఎక్కించుకుని చుట్టూ తిరిగే చిన్న రైలు. ఖాదర్ వలి కూతురు జహీరాకు పదకొండేళ్లు. బడిలో ఆమె పక్కన కూర్చునే పిల్ల అప్పుడే పోయొచ్చి, వీల్ పైకెక్కినప్పుడు కడుపులో ఏమవుతుందో రోజుకొకసారి వర్ణిస్తోంది. దీపాలు పెట్టినాక చూడాలంట. దీపాలు పెట్టే వేళకు రామసముద్రం పోయే ఆఖరు బస్సు వెళ్లిపోతుంది. అంటే ఆ రాత్రికి మదనపల్లెలోనే ఉండాల్సిందే.

"పోదాంలే. ఉండేదానికి మనకేం తక్కువ? మన లాడ్జీ ఉండ్లా?" అన్నాడు ఖాదర్ వలి.

బియ్యంలో రాళ్లేరుతున్న సుగ్రా చేయి ఆపింది. "ఫ్యామిలీ రూమేనా?"

"ఫ్యామిలీ రూమే."

"సద్దు ఉండకూడదు."

"నాకు చెప్తాండావా మే? రూము ఎట్లాటిదో నేను రూము సూసి చెప్పను, పరుపు సూసి చెప్తా. అంచు నలిగుంటే ఆడ దిగినోళ్లు నిద్ర పట్టక తెల్లార్లూ అంచున కూర్చోనుండారని అర్థం. తలాపు పక్క నలిగుంటే గోడవతల బస్సులని అర్థం. నట్టనడుమ గుంత పడుండాదా, అదీ రూమంటే. మనిషి పక్కకు గూడ తిరక్కుండా నిద్రపోయినాడని లెక్క. ముందుగా పోయి అట్లాటి రూము సూసి, చెప్పి పెట్టొస్తా."

సుగ్రా మళ్లీ రాళ్లేరడంలో పడింది. ఆ రోజు అన్నంలో ఒక్క రాయి తగల్లేదు.

మరుసటి ఆదివారం ఖాదర్ వలి తెల్లచొక్కా తొడుక్కుని, విల్లు ఇంట్లోనే పెట్టి, మదనపల్లె బస్సెక్కాడు. దారిపొడుగునా ఒకటే మాట సాధన చేశాడు. "ఒక ఫ్యామిలీ రూము కావల్ల సార్. సద్దు లేనిది." మూడోసారి కాస్త గట్టిగానే అన్నట్టుంది, పక్కసీటాయన "నన్నేమన్నా అడిగితివా?" అని తిరిగాడు.

మదనపల్లె లాడ్జీ యజమాని శ్రీరాములు బల్ల వెనక కూర్చుని పేపరు చదువుతున్నాడు. తలెత్తగానే ముఖం వికసించింది.

"రాప్పా ఖాదరూ! నిన్ననే నిన్ను తల్సుకుంటి. విల్లు యాడ?"

"తేలేదు సార్."

"యాల?"

శ్రీరాములు తలకు సరిగ్గా పైన, గదుల అద్దె వివరాల బోర్డు వేలాడుతోంది. నోరు తెరవడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ఖాదర్ వలి నోరు తెరిచాడు కూడా.

"ఊరికే... పరుపులు ఎట్లుండాయో సూసిపోదామని వస్తి."

"సూడు! పిలవకనే వచ్చి సూసేటోడివి నువ్వొక్కడివేనప్పా. ఎట్లాగూ వచ్చినావు గదా, పైన నాలుగు దిండ్లు చినిగిపోయి ఉండాయి. దబ్బనం నా దగ్గరుండాదిలే."

సాయంత్రం ఇంటికొచ్చి, "రూములన్నీ నిండిపోయినాయంట మే. ఎగ్జిబిషన్ గదా" అన్నాడు. సుగ్రా దగ్గరికొచ్చి ఆయన చెవిమీద నుంచి ఏదో తీసింది. వేళ్ల మధ్య నలిపి చూసి, కిందకు ఊదేసింది.

మార్చి నెలాఖరుకు ఎగ్జిబిషన్ మూటాముల్లె సర్దుకుని పుంగనూరుకు మారింది. ఖాదర్ వలి మళ్లీ తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పుంగనూరు లాడ్జీ నాగరత్నమ్మది. ఆమె పనివాళ్లను కూడా మన్ననగా పిలిచే మనిషి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. శ్రీరాములు దగ్గర మొహమాటం ఒక పాలయితే, నాగరత్నమ్మ దగ్గర మూడు పాళ్లు.

"దేవుడే పంపించినట్ల వచ్చినావు నాయినా ఖాదర్ వలీ. మా అల్లుడొచ్చి ఉండాడు. దిండు రాయి మాదిరి ఉండాదని రాత్రంతా సణుగుడే. నువ్వుగాబట్టి అడుగుతాండా. ఉండు, మొదుట కాఫీ తాగుదువు."

కాఫీ తాగినాక ఇంక రూము ఎలా అడుగుతాడు? పెరట్లో కూర్చుని అల్లుడిగారి దిండు విప్పి, బూరుగుదూది చేత్తోనే చిక్కుదీసి, మెత్తగా కూరి ఇచ్చాడు. అల్లుడు తలపెట్టి చూసి సంతోషించాడు. ఖాదర్ వలి బస్సెక్కాడు.

"పుంగనూర్లో సద్దు జాస్తిగా ఉండాది మే. మనకు పనికిరాదు" అన్నాడు, గడప దాటకముందే.

"ఓహో" అంది సుగ్రా. "రూము సూడబోయినోని మీసాల్లో దూది యాల వచ్చింది?"

"గాలికి."

"గాలికొచ్చిన దూదికీ చేత్తో విప్పిన దూదికీ తేడా తెలీదా నాకు? ఎవురి ఇంటి బిడ్డననుకున్నావు? మదనపల్లెకు పోయినప్పుడు చెవిమీద. ఇప్పుడు మీసాల్లో. మూడో ఊరికి పోతే నోట్లో కూరుకోనొస్తావు."

మూలన హోంవర్కు చేసుకుంటున్న జహీరా కిసుక్కున నవ్వింది. ఖాదర్ వలి గోడకు వేలాడుతున్న విల్లు వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి తానే బయటపడ్డాడు.

"అడగల్లనే పోతా మే. బస్సులో అంతా బాగా వస్తుంది మాట. బల్ల ముందర నిలబడితే వాళ్లు నా మొగం సూడరు, భుజం సూస్తారు, విల్లు యాడా అని. ఇంగ నోరు తిరగదు."

"ఇన్నేండ్లు ఆడ రూములో పండుకుంటి అంటివే?"

"మిద్దెమీద."

"మిద్దెమీద పరుపేసుకోనా?"

"చాప."

"పరుపులు కుట్టేటాయన చాపమీదా!" అని జహీరా పడీపడీ నవ్వింది. సుగ్రా నవ్వలేదు. ఆయన వైపు తిరిగి అడిగింది.

"ఎగ్జిబిషన్ ఇంగ యాడికి పోతుంది?"

"కుప్పానికి. మే నెలంతా ఉంటుందంట. ఆడి నుంచి తమిళనాడుకు దాటిపోతుంది. మళ్లా ఎప్పుడొస్తుందో ఏమో."

"అయితే ఈతూరి ముందుగా పోయి సూసేది గీసేది ఏమీ వద్దు. అందురం ఒకటేసారి పోదాం. అడిగేది మాత్రం నువ్వే. నేను నోరు తెరవను."

మే నెలలో బడికి సెలవులిచ్చాక ముగ్గురూ బయల్దేరారు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎగ్జిబిషన్ మైదానం లాడ్జీకి రెండు వీధుల అవతలే. ఇళ్లమీదుగా జెయింట్ వీల్ పైసగం కనిపిస్తుంటే జహీరా నేల చూసి నడవడం మానేసింది.

లాడ్జీ మేనేజరు చిన్నప్ప బక్కపలచటి మనిషి. నవ్వకుండా హాస్యాలాడటం ఆయనకు అలవాటు. ఏది హాస్యమో, ఏది నిజమో తెలుసుకోవడం ఎదుటివాళ్ల పని. రేకుపెట్టెతో మెట్లెక్కి వచ్చిన ఖాదర్ వలిని, వెనకే వచ్చిన ఇద్దరినీ చూశాడు.

"ఏమప్పా ఖాదరూ, ఈతూరి ఇంటోళ్లను గూడ పనికి పిల్సుకోనొచ్చినావే! మంచిపని చేసినావు. బిన్నగా, ఒక్క దినంలో అయిపోతుంది. మిద్దెమీద నీళ్ల తొట్టి నిండుగా ఉండాది, పోండి పైకి."

ఖాదర్ వలి కాళ్లు అలవాటు కొద్దీ మిద్దె మెట్ల వైపు ఒక అడుగు వేశాయి కూడా. రెండో అడుగు పడలేదు. బల్లకు ఎదురుగా, వచ్చిన గిరాకీలు కూర్చోవడానికి రెక్సిన్ వేసిన పొడుగాటి బెంచీ ఒకటుంది. సుగ్రా దానిమీద కూర్చుంది. బురఖా సర్దుకుని, జహీరాను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మొగుడి వైపు చూసింది. అన్నమాట ప్రకారం నోరు తెరవలేదు. పదేళ్లుగా ఆయన ఆ బెంచీ పక్కనుంచి నడిచాడే గానీ దాని రెక్సిన్ మెత్తనో గట్టిదో కూడా ఎరగడు.

"పనికి గాదు సార్" అన్నాడు. "రూము కావల్ల. ఫ్యామిలీ రూము. సద్దు లేనిది."

చిన్నప్ప పెన్ను ఆగిపోయింది. "రూమంటే, పండుకునేదానికా?"

"పండుకునేదానికే."

"ఎవురు?"

"మేమే సార్. నేనూ, మా ఇంటామె, మా పాప. వీల్ ఎక్కేదానికి వచ్చినాము."

చిన్నప్ప బెంచీ వైపు చూశాడు, మళ్లీ ఖాదర్ వలి వైపు చూశాడు. తర్వాత పెద్ద రిజిస్టరు తెరిచి, దుమ్ము దులిపి, ఏ మునసబుకో తెరిచినంత నిదానంగా పేజీ తిప్పాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు. వృత్తి అనేచోట ఆగాడు.

"ఈడ ఏమని రాయల్ల?"

ఖాదర్ వలి చేయి ఖాళీ భుజం మీదికి పోయింది. అంతవరకూ మాటమీద నిలబడిన సుగ్రా ఇంక పట్టలేకపోయింది.

"కస్టమరు అని రాసుకోండి" అంది బెంచీమీద నుంచే.

చిన్నప్ప అదే రాశాడు. తాళాల బోర్డు మీద నుంచి మూడో నంబరు తీశాడు. "ముందర పక్క. కిటికీలో నుంచే వీల్ కనపడుతుంది."

"నాయినా, మూడు! మూడు!" అని జహీరా లేచి నిలబడింది.

ఒకసారి నోరు పెగిలినాక ఖాదర్ వలికి ధైర్యం వచ్చింది. "మూడు వద్దు సార్. దాని పరుపు అంచు నలిగిపోయుంటుంది. ఆడ ఎవురూ నిద్రపోరు. తొమ్మిది ఇయ్యండి. నేను వచ్చినప్పుడల్లా సూస్తా ఉండా, నట్టనడుమ ఇంత గుంత. అదీ నిద్రంటే."

"తొమ్మిదా?" చిన్నప్ప కనుబొమలు కొంచెం పైకి లేచాయి. ఏదో చెప్పబోయి మానుకున్నాడు. తాళం తీసి బల్లమీద పెట్టాడు. "మీ ఇష్టం."

తొమ్మిదో నంబరు వెనకవైపు వసారా చివర ఉంది. తలుపుకు గడియ ఉంది. లోపలే బాత్రూము ఉంది. కిటికీ తెరిస్తే గోడ, గోడ అవతల ఎవరిదో ఖాళీ స్థలం. సుగ్రా గడియ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. గది నడుమ నిలబడి విన్నది. బస్సు లేదు, మనిషి లేడు, మైకు లేదు. "సద్దే ల్యా" అంది. ఆ మాట విని ఖాదర్ వలి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

దీపాలు పెట్టే వేళకు ఎగ్జిబిషన్‌కు పోయారు. జెయింట్ వీల్‌లో జహీరా నడుమ కూర్చుని, పైకెక్కినప్పుడల్లా అరిచి, కిందకు దిగినప్పుడల్లా ఇంకోసారి అంది. సుగ్రా కడ్డీ పట్టుకుని కళ్లు తెరిచే కూర్చుంది. ఖాదర్ వలి రెండు చుట్లు కళ్లు మూసుకున్నాడు. మూడో చుట్టులో తెరిస్తే లాడ్జీ మిద్దె కనిపించింది. పైనుంచి చూస్తే తాను చాప వేసుకునే చోటు మరీ చిన్నది. "అదిగో, ఆడ" అని చూపించబోయి ఊరుకున్నాడు.

మిరపకాయ బజ్జీలు తిని, జహీరాకు గాజులు కొని, రూముకు వచ్చి ముగ్గురూ పడుకున్నారు. గోడవైపు సుగ్రా, నడుమ జహీరా, ఇవతల ఖాదర్ వలి. లైటు ఆర్పిన కాసేపటికి సుగ్రా జహీరా మీదకు జారింది. ఖాదర్ వలి కూడా జారాడు. నడుమ నలిగిన జహీరా "అమ్మా!" అంది. ముగ్గురూ సర్దుకుని ఎవరి చోటికి వాళ్లు పోయారు. మళ్లీ జారారు. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, పళ్లెంలో గోళీల్లాగా ముగ్గురూ నడుముకే చేరుతున్నారు.

సుగ్రా లేచి లైటు వేసింది. పరుపు నడుమ చెయ్యి పెట్టి నొక్కింది. రెండు వేళ్లతో పట్టుకుని పిండింది. అంచు దగ్గర నొక్కింది. మళ్లీ నడుమ నొక్కింది.

"ఇది మనిషి పండుకోని పడిన గుంత గాదు. ఈడ దూదే ల్యా."

"ఉంటుంది. అణిగిపోయుంటుంది."

"అణిగితే గట్టిగా ఉంటుంది. ఇది ఉత్త గుడ్డ. ఎవురు కుట్టినారో గానీ..." అంటూ వంగి అంచు కుట్టు చూసింది. ఒక కుట్టు పొడుగు, రెండు పొట్టి. ఆ వరస రామసముద్రంలో తమ ఇంట్లో ఉన్న ప్రతి బొంతకూ ఉంది. ఆమె నిదానంగా తలెత్తింది.

ఖాదర్ వలికి అప్పుడు గుర్తొచ్చింది. డెబ్బై ఎనిమిదిలో. ముందర రూముల పరుపులు యజమాని వచ్చి నొక్కి చూస్తాడని ఒకటి, రెండు, మూడింటికి దండిగా కూరాడు. తొమ్మిదో నంబరుకు వచ్చేసరికి దూది అయిపోయింది. నాలుగు గంటల బస్సుకు టైమయింది. ఉన్నది అంచులకు సర్ది, వచ్చే ఏడు నింపుదాంలే అని కుట్టేశాడు. వచ్చే ఏడు వేరే రూముల వంతు వచ్చింది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా తలుపులోంచి ఆ గుంత చూసి, ఎంత హాయిగా నిద్రపోతున్నారో అని సంతోషపడుతూ ఉన్నాడు.

"దూది చాల్లేదు మే" అన్నాడు.

సుగ్రా దుప్పటి తీసి నేలమీద పరిచి, కూతుర్ని పడుకోబెట్టి, తానూ పక్కన పడుకుంది. "కస్టమరూ, లైటు ఆర్పు" అంది. అయిదు నిమిషాల్లో గాఢంగా నిద్రపోయింది. తలుపుంది, సద్దు లేదు, ఆమె అడిగినవి రెండూ ఉన్నాయి. ఖాదర్ వలి మాత్రం తాను చేసిన గుంతలో తానొక్కడే పడుకుని తెల్లారబెట్టాడు. పదేళ్లలో లాడ్జీ పరుపుమీద పడుకోవడం అదే మొదలు.

తెల్లవారి తాళం ఇవ్వడానికి ముగ్గురూ బల్ల దగ్గరికి వచ్చారు. చిన్నప్ప లేచి నిలబడ్డాడు. ఆయన గిరాకీలను రోజూ అడిగే ప్రశ్నే, రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు.

"రూము బాగుండిందా సార్? ఏమన్నా తక్కువలు ఉంటే చెప్పండి."

ఖాదర్ వలిని సార్ అన్న మొదటి మనిషి చిన్నప్పే. "బాగుండింది" అనేస్తే సరిపోయేది. మీసాల్లో దూదీ లేదు, అడిగేవాడూ లేడు. కానీ పక్కన సుగ్రా నిలబడి ఉంది. మూడు నెలలుగా ఆయన చెప్పిన అబద్ధాలు చెవిమీద నుంచి ఒకటి, మీసాల్లో నుంచి ఒకటి ఏరి తీసిన మనిషి.

"రూము బాగుండింది. సద్దే ల్యా" అన్నాడు. తాళం బల్లమీద పెట్టాడు. "పరుపే బాగల్యా సార్. నడుమ దూది తక్కువ పెట్టినారు."

"అవునవును" అన్నాడు చిన్నప్ప, నవ్వకుండానే. "ఆ రూములో దిగినోళ్లు రెండో దినం ఉండరు. అందుకే ఆ పక్క సద్దుండదు. ఎవురు కుట్టినారో మీకేమన్నా తెలుసునా?"

"తెలుసు. వాన్ని పిలిపించి సరిగ్గా కుట్టించండి. ఈతూరి ఉత్తికే కుట్టి ఇస్తాడు, దుడ్లు అడగడు."

"చెప్తాము సార్" అని చిన్నప్ప ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు.

వారం రోజులకు రామసముద్రానికి పోస్టుకార్డు వచ్చింది. ఖాదర్ వలికి సంతకం వరకే చదువు. జహీరా పైకి చదివింది.

"కుప్పం. పరుపుల ఖాదర్ వలికి తెలియజేయునది. మా లాడ్జీ తొమ్మిదో నంబరు రూము పరుపు బాగలేదని మా కస్టమరు శ్రీ ఖాదర్ వలి గారు ఫిర్యాదు చేసినారు. వారు పెద్దమనిషి గనుక గట్టిగా అనలేదు. నీవు వెంటనే విల్లు, దూది తీసుకొని రావలెను. వారు మళ్లీ దయచేయు లోపల పని ముగించవలెను. ఇట్లు, చిన్నప్ప, మేనేజరు."

"ఆ పెద్దమనిషి అనే మాట ఇంగోసారి సదువు పాపా" అన్నాడు ఖాదర్ వలి.

జహీరా చదివింది. ఆయన కార్డు చేతికి తీసుకుని, తలకిందులుగానే పట్టుకుని, ఆ మాట వెతుకుతున్నట్టు చూశాడు. సుగ్రా వంటింట్లోంచి వచ్చి, గోడకున్న విల్లు తీసి ఆయన చేతికిచ్చింది. మూల ఉన్న దూది బస్తా కాలితో ముందుకు తోసింది.

"బస్తా అంతా తీస్కపో. మొదుట తొమ్మిదోది కుట్టు. ఆ కస్టమరు మంచోడే గానీ, ఆయన పెండ్లాం ఊరుకునే మనిషి గాదు."